మడత పైన మార్జరీన్

గురువారం పొద్దున్న మైసీ వాంగ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ‘బీకన్’ వారపత్రిక కట్టలు పోస్టాఫీసులో దింపాలి, దారిలో ఓర్విల్ డ్రేగర్ నడిపే సప్పర్ క్లబ్ అనే భోజన హోటల్ దగ్గర ఆగాలి, మొదటి పేజీలో తన గురించి పడిన వ్యాసం చదువుకుని ఆ పెద్దాయన మీసాల చాటున మురిసిపోతుంటే కళ్ళారా చూడాలి, ఆయన పోసిన కాఫీ తాగి తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి. అంతే. మిల్వాకీ నుంచి టామరాక్ బెండ్ వచ్చి మూడు నెలలు కావస్తోంది, మొదటి పేజీలో మడత పైన, అంటే అందరి కళ్ళూ ముందు పడేచోట, తన పేరుతో వ్యాసం పడటం ఇదే మొదటిసారి, కాబట్టి ఆ మాత్రం ఆశపడటంలో తప్పేమీ లేదు.

ఓర్విల్ కాఫీ పోశాడు. పేపరు బల్ల మీద విప్పే ఉంది. మీసాల చాటున మాత్రం ఏమీ కనిపించలేదు.

“వ్యాసం ఎలా ఉందండీ?” అని తనే అడిగింది మైసీ.

ఓర్విల్ కిటికీలోంచి గడ్డకట్టిన చెరువు వైపు కాసేపు చూశాడు. “వేరేగా ఉందమ్మాయ్,” అన్నాడు.

మైసీ థాంక్స్ చెప్పి, కాఫీ తాగేసి, ఈల వేసుకుంటూ బయటికొచ్చింది. టామరాక్ బెండ్‌లో ఎవరి కూరనైనా ‘వేరేగా ఉంది’ అన్నారంటే ఆ మనిషి జన్మలో మళ్ళీ ఆ కూర వండదని ఆమెకి అప్పటికింకా ఎవరూ చెప్పలేదు.

ఆఫీసులో అడుగు పెట్టేసరికి రెండు ఫోన్లూ మోగుతున్నాయి. ‘బీకన్’కి ఎడిటరూ, యజమానురాలూ, ప్రకటనలు తెచ్చేదీ అన్నీ లొరైన్ కుబియాక్ ఒక్కతే. అరవై మూడేళ్ళ మనిషి. మంగళవారమే కంటికి శుక్లాల ఆపరేషనయింది, ఎడమ కంటికి ఇంకా కట్టు ఉంది, అందుకని ఈ వారం పేజీలు అచ్చుకి పంపేముందు శీర్షికలు మాత్రం చదివి సంతకం పెట్టేసింది. ఇప్పుడు మిగిలిన కన్ను పేపరుకి జానెడు దూరంలో పెట్టుకుని కూర్చుంది.

“ఇలా రా తల్లీ. ఈ మూడో పేరా పైకి చదువు.”

మైసీ ఉత్సాహంగా చదివింది. ఓర్విల్ గారి శుక్రవారం చేపల వేపుడుకి వచ్చే నెల యాభై ఏళ్ళు నిండుతున్నాయనీ, ఆయన వేయించిన పెర్చ్ చేపల కోసం మూడు జిల్లాల జనం వస్తారనీ, పక్కనే పెట్టే రై రొట్టె మీద కరిగే ఆ పచ్చటి పూతకి మాత్రం సాటి లేదనీ, దాని రహస్యం మరేమిటో కాదు, వంటగది ఫ్రిజ్‌లో వరసగా పేర్చిన పదకొండు డబ్బాల మార్జరీన్ అనీ.

చదివాక తలెత్తి, బాగానే ఉంది కదా అన్నట్టు చూసింది.

“పాల రైతుల ఊరిది,” అంది లొరైన్, మెల్లగా. “ఆ పాల రైతులకి యాభై ఏళ్ళుగా రొట్టె పెడుతున్న మనిషి, వెన్న బదులు ఫ్యాక్టరీ నూనె ముద్ద రాస్తున్నాడని వేశాం. హోటల్లో వెన్నకి బదులు అది పెట్టకూడదని ఈ రాష్ట్రంలో చట్టం కూడా ఉంది. అంటే నువ్వు ఆయన్ని పొగడలేదమ్మా, నేరస్థుణ్ణి చేశావు.”

“డబ్బాలు నా కళ్ళతో చూశానండీ.”

“మూత తీశావా?”

మైసీ తియ్యలేదు. తీసి ఉంటే ఓర్విల్ ప్రతి శుక్రవారం తెల్లారకముందే లేచి గుర్రపుముల్లంగి అనే ఘాటు దుంప తురుముతో గిలక్కొట్టిన అసలు సిసలు వెన్న కనిపించేది. ఈ ఊళ్ళో ఖాళీ డబ్బా పారేసినవాళ్ళు లేరు. సూపు, మేకులు, బొత్తాలు, చేపల ఎరకి వానపాములు, అన్నీ వాటిలోనే. అంతదాకా ఎందుకు, మిల్వాకీలో మైసీ వాళ్ళమ్మ ఆవాకు ఊరబెట్టేది ఐస్‌క్రీమ్ బకెట్లో. ఐస్‌క్రీమ్ తిందామని మూత తీసి చిన్నప్పుడు ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. లోకంలో ఎవరు మోసపోయినా తను మోసపోకూడని విషయమది. అదే ఎక్కువ బాధగా ఉంది.

మధ్యాహ్నానికల్లా మైసీ పరువు నష్టం చట్టం చదవడం మొదలుపెట్టింది, అదీ ఏ రాష్ట్రందో చూసుకోకుండా. ఒక పేజీలో ఇరవై రోజులని ఉంది, ఇంకో పేజీలో అసలు గడువే లేదు, ఒక చోట పళ్ళనీ కూరగాయలనీ నిందించినా నేరమేనని ఉంది. నదికి అవతల మినెసోటాలో లా చదువుతున్న పిన్ని కొడుక్కి ఫోన్ చేస్తే దావాకి రెండేళ్ళు గడువన్నాడు. రెండేళ్ళు బిక్కుబిక్కుమంటూ బతకాలన్నమాట అనుకుంది.

“అది వంతెన అవతల,” అంది లొరైన్. “ఇవతల మూడేళ్ళు. ఈ దేశంలో పరువు కూడా రాష్ట్రానికో రకం. ఆగు, మ్యాడిసన్‌కి చేద్దాం.”

రాష్ట్ర రాజధాని మ్యాడిసన్‌లో పత్రికల సంఘం వాళ్ళ న్యాయ సలహా ఫోను ఒకటుంది. ఎత్తేది డెస్మండ్ అనే లాయరు. ఎంత మునిగిపోయే విషయం చెప్పినా బస్సు టైము చెబుతున్నట్టు మాట్లాడతాడు. అంతా విని, ఈ విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎవరూ పేపరు మీద నేరుగా దావా వెయ్యలేరని చెప్పాడు. ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ఏ వాక్యం అబద్ధమో, నిజమేమిటో అందులో రాయాలి. వెంటనే వచ్చే సంచికలో పేపరు దాన్ని సరిదిద్దాలి. ఎక్కడ పడిందో అక్కడే, ఎంత అక్షరాల్లో పడిందో అంత అక్షరాల్లోనే, పైన ఒక్క వ్యాఖ్య లేకుండా. అలా చేస్తే పేపరు చాలావరకు గట్టెక్కుతుంది.

“నిజమేమిటో మీరే తేల్చగలిగితే తప్పయిందని వెయ్యండి. ఆ డబ్బాల్లో ఉన్నదేమిటో ఇప్పుడు తేల్చగలరా?” అని అడిగాడు.

“పోయిన శుక్రవారమే జనం తినేశారండీ,” అంది మైసీ.

“అయితే ఆయన చెప్పిందే ఆయన మాటల్లో వెయ్యండి. ఒక్క కామా కూడా మీది పెట్టకండి.”

సోమవారం ఓర్విల్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, అరిచే అలవాటు లేని మనిషి అరవాల్సి వస్తే ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు. యాభయ్యో ఏటి శుక్రవారానికి నూట నలభై మంది పేర్లు రాయించుకుని ఉన్నారు. శుక్రవారం నుంచి ఒక్కొక్కరే ఫోన్ చేసి మానుకుంటున్నారు. ఎవరూ మార్జరీన్ అనే మాటే ఎత్తట్లేదు. ఒకాయనకి మోకాలు పట్టేసింది, ఒకాయన ఆవు ఈనబోతోంది, ఇంకొకాయన ఇంటికి మేనల్లుడొస్తున్నాడు. అందరూ చాలా మర్యాదగా చెబుతున్నారు. ఆ మర్యాదే ఆయన ప్రాణం తీస్తోంది.

“దావా వెయ్యడం నాకు చేతకాదు లొరైన్. నా పేరు బాగుచేస్తే చాలు. ఆ శుక్రవారానికి హాలు నిండిందా, ఓపికున్నన్నాళ్ళు నడుపుతాను. నిండలేదా, ఆ రాత్రితోనే బోర్డు దించేస్తాను. నా చేత్తో వెన్న రాస్తుంటే ‘ఇదేనా’ అన్నట్టు చూసేవాళ్ళ మధ్య నేను తిరగలేను.”

లొరైన్ తన మీద తనకే నోటీసు రాయించింది. ఓర్విల్ పక్కన కుర్చీ వేసుకుని, ఇక్కడ ‘పొరపాటు’ అని కాదు, ‘అబద్ధం’ అని రాయాలని, మెత్తగా రాస్తే చట్టానికి ఆనదని దగ్గరుండి దిద్దింది. ఆయన ‘అబద్ధం’ అని రాసి, తర్వాత క్షమాపణగా మైసీ వైపు చూశాడు. మైసీకి బల్ల కిందకి దూరాలనిపించింది.

ఆ గురువారం మొదటి పేజీలో, మడత పైన, నాలుగు కాలమ్‌ల వెడల్పున, పోయిన వారం శీర్షికంత లావు అక్షరాల్లో ఓర్విల్ ప్రకటన వచ్చింది: ‘నేను రొట్టెకి రాసేది వెన్న. యాభై ఏళ్ళుగా వెన్న. డబ్బాలు మార్జరీన్‌వే గానీ నేను కొన్నవి కావు. చర్చి వంటింట్లోంచి డొలోరిస్ ఫాఫ్ నాకు ఖాళీవి ఇచ్చింది. ఆవిడ దగ్గర అవి ఎప్పుడూ ఉంటాయి.’

ఆ చివరి వాక్యం తీసేద్దామని మైసీ బుధవారమంతా బతిమాలింది. మ్యాడిసన్‌కి ఫోన్ కూడా చేసింది. అది వేస్తే డొలోరిస్ గారి పరువు పోతుంది, తీసేస్తే ఓర్విల్ గారిది, ఏం చెయ్యమంటారు అని.

“ఈ వారం నోటీసిచ్చింది ఎవరు?” అన్నాడు డెస్మండ్.

“ఓర్విల్ గారు.”

“అయితే ఈ వారం ఓర్విల్. ఒక్కో వారం ఒక్కో పరువు చూద్దాం.”

డొలోరిస్ ఫాఫ్ ముప్పై ఏళ్ళుగా లూథరన్ చర్చి కింది అంతస్తు వంటింటికి పెద్ద దిక్కు. పెళ్ళికైనా చావుకైనా ఆ ఊళ్ళో భోజనం ఆమె చేతి మీదుగానే వెళ్ళాలి. శుక్రవారం పొద్దున్నే ఓ పళ్ళెం నిండా నిమ్మకాయ మిఠాయి ముక్కలు, వాటి మీద రేకు కాగితం, రేకు మీద కవరు పెట్టుకుని వచ్చింది.

“మీ మీద నాకేం కోపం లేదు లొరైన్. ముందు ఒక ముక్క తిను. నువ్వూ తినమ్మాయ్, గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు. తిన్నాక ఆ కవరు చింపండి.”

తిన్నారు. చింపారు. లొరైన్ కంటికి కట్టు విప్పినా అక్షరాలింకా అలుక్కుపోతున్నాయి, అందుకని మైసీ చదివింది. ‘నా వంటింట్లో మార్జరీన్ ఏనాడూ అడుగు పెట్టలేదు. ఆ డబ్బాలు జనవరిలో హ్యాల్మర్ బ్రాండ్‌వోల్డ్ అంత్యక్రియల భోజనాల్లో మిగిలినవి. వాటిలో బంగాళాదుంప సలాడ్ తెచ్చింది బ్రాండ్‌వోల్డ్‌లే. కడిగి దాచి, ఓర్విల్‌కి అవసరమంటే ఇచ్చాను. సలాడ్ వేరేగా ఉంది.’

ఈసారి ఆ మాటకర్థం మైసీకి తెలుసు.

మళ్ళీ గురువారం, మడత పైన, నాలుగు కాలమ్‌లు, లావు అక్షరాలు. హైస్కూలు హాకీ జట్టు రాష్ట్ర కప్పు గెలిచిన వార్త దాంతో అయిదో పేజీకి పోయింది. జట్టు కోచ్ ఆఫీసుకొచ్చి, ఇదెక్కడి న్యాయం, ఇరవై ఏళ్ళకి కప్పొస్తే సలాడ్ వెనక నిలబెడతారా అన్నాడు. మైసీ మ్యాడిసన్‌కి ఫోన్ చేస్తే, అయిదో పేజీలో వెయ్యడం పరువు నష్టం కిందికి రాదని డెస్మండ్ చెప్పాడు. చెప్పి వెంటనే పెట్టెయ్యలేదు. కాస్త గొంతు సవరించుకుని, ఇంతకీ డబ్బాలు తెచ్చింది ఎవరని తేలిందా అని అడిగాడు.

తేలలేదు. ఆ జిల్లా ఫోన్ పుస్తకంలో నలభై ఒక్కమంది బ్రాండ్‌వోల్డ్‌లున్నారు. ఆ ఇంటిపేరుకీ ఆవుకీ మధ్య గాలి చొరబడదు. తాత ముత్తాతల నుంచి పాడి తప్ప ఇంకో పని ఎరగరు. వాళ్ళలో పెద్దవాడు వెండెల్ బ్రాండ్‌వోల్డ్ మూడు విడతలుగా జిల్లా పాల రైతుల సంఘానికి అధ్యక్షుడు. సంఘం క్యాలెండరులో ప్రతి ఏడూ ఆయన బొమ్మే, చేతిలో వెన్న ముద్దతో.

“ఒక గుంపును మొత్తంగా అంటే అందులో ఒక్కొక్కరికీ దావా ఉండదు, గుంపు పెద్దదైతే,” అన్నాడు డెస్మండ్. “చిన్నదైతే ఉంటుంది. ఎంతమంది?”

“నలభై ఒక్కమందండీ.”

“ఆ రోజు సలాడ్ తెచ్చినవాళ్ళు?”

“ఏడు ఇళ్ళవాళ్ళు.”

“ఏడు చిన్నదే,” అన్నాడు డెస్మండ్. మొదటిసారి ఆయన గొంతులో కాస్త జాలి వినిపించింది.

సోమవారానికి ఏడు నోటీసులూ వచ్చేశాయి. ఏడుగురూ తాము కాదన్నారు. ఏడుగురూ మర్యాదగా ఇంకో బ్రాండ్‌వోల్డ్ ఇంటి గుర్తులు చెప్పారు, పేరు మాత్రం రాయకుండా. కొండ దిగువ ఇల్లని ఒకరు, ఎర్ర కొట్టం ఉన్నవాళ్ళని ఒకరు. ఏడు ప్రకటనలూ మొదటి పేజీలోనే రావాలి, మడత పైనే రావాలి, ఒక్కోటీ నాలుగు కాలమ్‌లు ఉండాలి. పేజీకి ఉన్నవే ఆరు కాలమ్‌లు. లొరైన్ స్కేలు తీసుకుని కాసేపు కొలిచి, స్కేలు పక్కన పెట్టి, చేతుల్లో మొహం పెట్టుకుంది.

పెద్ద సమస్య అది కూడా కాదు. ఈ ఏడు ప్రకటనలూ వేస్తే వచ్చే వారం ఇంకో ముప్పై వస్తాయి. ఈ గురువారం పేపరు వచ్చిన మర్నాడే ఓర్విల్ యాభయ్యో ఏటి శుక్రవారం.

మంగళవారం మైసీ సప్పర్ క్లబ్‌కి వెళ్ళింది. ఓర్విల్ చేపలు పంపేవాడికి ఫోన్ చేసి, అనుకున్నదాంట్లో సగం చాలని చెబుతున్నాడు. పోయిన వారమే ఓసారి సగానికి తగ్గించాడట. బుక్కులో నూట నలభై పేర్లకి ఇరవై మూడు మిగిలాయి. ఆ ఇరవై మూడులో పదకొండుమంది ఆయన చుట్టాలే.

మైసీ క్షమాపణ అడగడానికి నోరు తెరిచింది గానీ ఆయన కాఫీ పోసేశాడు. తిడతాడేమో, తిడితే బాగుండునని ఆమె ఎదురు చూసింది.

“నీ తప్పేముందమ్మాయ్,” అన్నాడు ఓర్విల్. “నువ్వొచ్చి మూడు నెలలయింది. డబ్బా చూశావు, డబ్బా మీద ఉన్నది రాశావు. ఈ ఊరు నన్ను యాభై ఏళ్ళు చూసింది. చూసి డబ్బాని నమ్మింది.”

ఆ మాట మైసీకి ఎక్కడో గుచ్చుకుంది. ఆఫీసుకి వచ్చి ఏడుగురు బ్రాండ్‌వోల్డ్‌లకీ వరసగా ఫోన్లు చేసింది. అందరూ కలిసి ఒక్క ప్రకటన ఇవ్వమని అడగాలన్నది ఆలోచన. ఒకరి తర్వాత ఒకరు, చాలా మర్యాదగా, కుదరదన్నారు. చివరిది వెండెల్ ఇల్లు. ఎత్తింది ఆయనే. అప్పటికి మైసీకి మర్యాద అయిపోయింది. ఓర్విల్ అన్న మాట అన్నట్టుగా ఆయనకి చెప్పేసి, చేపలు సగంలో సగం చేశారని కూడా చెప్పేసి, ఊరుకుంది. అవతల నుంచి పాలు పితికే మిషను చప్పుడు వినిపిస్తోంది. అది ఆగిపోయింది, ఆయన ఫోన్ పెట్టేశాడు.

బుధవారం నాలుగింటికి వెండెల్ బ్రాండ్‌వోల్డ్ స్వయంగా వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెరువు మీద మంచు ఈ ఏడు పలచగా ఉందనీ, మార్చిలోపే కరుగుతుందనీ పది నిమిషాలు మాట్లాడాడు. పేజీలు అచ్చుకి పంపాల్సిన టైము అయిదు. లొరైన్ గడియారం చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

“నా నోటీసు వెనక్కిచ్చెయ్ లొరైన్,” అన్నాడు ఆఖరికి. “వేరేది రాసుకో. డబ్బాలు నావి. పదకొండూ నావే.”

కారణం కూడా ఆయనే చెప్పాడు. రెండేళ్ళ కిందట గుండెకి స్టెంటు వేశారు, ఇక జన్మలో వెన్న ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. పాల రైతుల సంఘం అధ్యక్షుడు ఊళ్ళో కొట్లో ఆ డబ్బా కొంటే ఇంకేమన్నా ఉందా, అందుకని ఆయన భార్య ఆర్డిస్ వంతెన దాటి మినెసోటా వెళ్ళి కొనుక్కొస్తుంది. ఇంట్లో తింటే కోడళ్ళు చూస్తారని, పొద్దున్నే పాలగదిలో పెద్ద ట్యాంకు వెనక నిలబడి రొట్టెకి రాసుకుని తింటాడు.

“ఆవులు కూడా చూడకుండా,” అన్నాడు వెండెల్, నేల చూపులు చూస్తూ. “ఓర్విల్‌తో కలిసి చదువుకున్నాను. మా అబ్బాయి పెళ్ళికి వాడే వండాడు. వాడు బోర్డు దించుకుంటుంటే నేను క్యాలెండరులో వెన్న పట్టుకుని నవ్వలేను.”

“ఇది వేస్తే అధ్యక్ష పదవి పోతుంది వెండెల్,” అంది లొరైన్. “నేనైతే నిన్ను వెయ్యమని అడగను.”

“నిజమైతే పరువు నష్టం కాదంట కదా?” అని వెండెల్ మైసీని అడిగాడు.

“కాదండీ,” అంది మైసీ. మూడు వారాల్లో ఆమె ఆ చట్టం ఒప్పజెప్పగలిగేంత చదివేసింది. “నిజం మీద నోటీసివ్వడం కుదరదు.”

“అయితే వెయ్యండి. మడత పైన.”

ఆ గురువారం మొదటి పేజీలో ఒక్క ప్రకటనే వచ్చింది: ‘డబ్బాలు నావి. పదకొండు డబ్బాల మార్జరీన్ నేనే తిన్నాను. ఓర్విల్ వెన్న మనిషి. డొలోరిస్ కూడా. మా వాళ్ళు కూడా. అభ్యంతరం ఉన్నవాళ్ళకి మా ఇల్లు తెలుసు. వెండెల్ బ్రాండ్‌వోల్డ్.’ మిగతా ఆరుగురు బ్రాండ్‌వోల్డ్‌లూ పొద్దున్నే వచ్చి నోటీసులు వెనక్కి తీసుకున్నారు, ఎవరి మొహం ఎవరూ చూడకుండా.

రోజంతా ఆఫీసు ఫోన్ మోగలేదు. ఒక్కసారి కూడా. ఇరవై ఏడేళ్ళ పేపరు జీవితంలో గురువారం ఫోన్ మోగకపోవడం తనెరగనని లొరైన్ అంది. వెండెల్‌ని ముంచేశామేమోనని ఇద్దరికీ తిండి సయించలేదు.

శుక్రవారం అయిదింటికి సప్పర్ క్లబ్ వీధిలో మైసీకి కారు నిలపడానికి చోటు దొరకలేదు. మోకాలు పట్టేసినాయన మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు. ఈనాల్సిన ఆవు ఈనేసింది. మేనల్లుణ్ణి వెంటబెట్టుకునే తెచ్చారు. లోపల బ్రాందీ గ్లాసుల చప్పుడుకి మాట వినిపించడం లేదు. వంటగదిలో ఓర్విల్, చేపలు పంపేవాడికి గురువారం నుంచి ఇది నాలుగో ఫోనట, ఉన్నవన్నీ తెమ్మని అరుస్తున్నాడు. ఆయన అరవడం మైసీ వినడం అదే మొదటిసారి.

ఆరింటికి వెండెల్, ఆర్డిస్ లోపలికి వచ్చారు. హాలు మొత్తం ఒక్కసారి చల్లబడింది. నూట నలభై మంది పాల రైతులు తమ తమ చేపల్లో ముళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టారు. పెర్చ్ ముక్కల్లో ముళ్ళుండవు. వెండెల్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. ఆర్డిస్ ఆయన చెయ్యి పట్టుకుంది.

వంటగదిలోంచి ఓర్విల్ రొట్టె బుట్ట పట్టుకుని వచ్చాడు. అందరినీ దాటుకుని తిన్నగా వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి ఆగాడు.

“చట్టం మొత్తం చదివాన్రా వెండెల్,” అన్నాడు, హాలంతా వినిపించేలా. “వెన్న బదులు అది పెట్టకూడదు, నిజమే. కానీ తినేవాడు నోరు తెరిచి అడిగితే పెట్టొచ్చంట. నీ కోసం ఒక డబ్బా తెప్పించాను. సీలు కూడా తియ్యలేదు. అడుగు.”

వెండెల్ కళ్ళు తుడుచుకోలేదు గానీ, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “పెట్టరా,” అన్నాడు.

మూల బల్ల దగ్గర నుంచి ఎవరో ముసలాయన చెయ్యెత్తి, సిగ్గుపడుతూ, తనకి కూడా కాస్త అన్నాడు. ఆయనదీ గుండె జబ్బే. ఆ తర్వాత ఇంకో చెయ్యి లేచింది. డబ్బా బల్లలన్నీ తిరిగి వచ్చేసరికి అడుగంటింది. ఓర్విల్ బోర్డు దించలేదు. పాల రైతుల సంఘం కూడా అధ్యక్షుణ్ణి దించలేదు. వచ్చే ఏడు క్యాలెండరుకి వెన్న ముద్ద బదులు దూడని పట్టుకోమని మాత్రం చెప్పింది.

సోమవారం మైసీ ఆఫీసు తాళం తీసేసరికి గుమ్మంలో డొలోరిస్ నిలబడి ఉంది. పళ్ళెం, రేకు, కవరు.

“పదకొండూ వెండెల్‌వని వేశారు,” అంది, గొంతు బాగా తగ్గించి. “అది అబద్ధం. నాలుగు నావి. వంశంలో వస్తున్న జబ్బు, మా అమ్మకీ కొలెస్ట్రాలే. ఆ నింద అంతా వాడొక్కడే మొయ్యడం నేను చూస్తూ ఊరుకోను. నోటీసు రాశాను. ఇదిగో.”

“మీ పేరు వెయ్యాల్సొస్తుందండీ.”

“వెయ్యమ్మా. ఎవరితోనూ చెప్పకు, మొదటి పేజీలో వెయ్యి, చాలు.”

తొమ్మిదింటికి కొండ దిగువ బ్రాండ్‌వోల్డ్‌లు వచ్చారు, వాళ్ళవి మూడు. ఎర్ర కొట్టం వాళ్ళు వచ్చారు, రెండు. పాస్టరు గారు వెనక గుమ్మంలోంచి వచ్చి, ఒకటే, అదీ ఉపవాస దినాల్లో అన్నాడు. హాకీ కోచ్ వచ్చి, తనవి మూడనీ, ఈసారి మాత్రం మడత కిందికి నెట్టొద్దనీ చెప్పాడు. మధ్యాహ్నానికి ఓర్విల్ ఫ్రిజ్‌లోని పదకొండు డబ్బాలకి పదమూడు తేలాయి. మైసీ పేర్లన్నీ కాగితం మీద రాసి లొరైన్ ముందు పెట్టింది. లొరైన్ కాగితం వైపు, తలుపు వైపు చూసి, పెన్ను తీసుకుని, అడుగున తన పేరు రాసి పక్కన ‘2’ అని వేసింది.

మైసీ మ్యాడిసన్‌కి ఫోన్ చేసింది. డెస్మండ్ అంతా ఓపిగ్గా విన్నాడు.

“నాకర్థం కాలేదు. ఇందులో ఎవరి పరువు పోయింది?”

“ఎవరిదీ పోలేదండీ. వాళ్ళ ఫిర్యాదు అదే.”

అవతల చట్టం పుస్తకంలో పేజీలు తిరుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

“ఈ రాష్ట్రంలో దీనికి సెక్షన్ లేదమ్మా,” అన్నాడు డెస్మండ్. “వంతెన దాటి కనుక్కోండి.”